జీపునకు పెద్ద చక్రములు



రథచక్రము నేలలో క్రుంగుట యనగానే మన కందఱకును కర్ణుడు జ్ఞప్తికి వచ్చును. శాపఫలముగా భూదేవి ఆ చక్రమును మ్రింగినదని పెద్దలు చెప్పిరి. ముప్పదియైదేండ్లు బడిలో నేనును బాలురకు ఆ కథయే చెప్పితిని. ఇరుకైన కట్టు గల చక్రము బరువునంతయు కొలది చోటున మోపును గనుక మెత్తని నేలలో దిగునని వారికి చెప్పవలెనను తలంపు ఒక్కనాడైనను నాకు గలుగలేదు. ఆ యాలోచన అఱువదియేండ్లు దాటిన పిదప, ఒక పాత జీపు మూలమున, కొంత సొమ్మును కొంత భయమును వెచ్చించిన మీదట గలిగినది.

కొండదారులలోను అడవిబాటలలోను తిరుగు జీపులకు, కర్మాగారమువా రిచ్చిన చక్రములను తీసివేసి, వానికంటె పెద్ద టైర్లు తొడిగించు వాడుక ఇప్పుడు మిక్కిలి వ్యాపించినది. దానిని గూర్చి నేను నేర్చుకొన్న నాలుగు మాటలు నేడు మనవి చేయుదును. నేను యంత్రశాస్త్రజ్ఞుడను గాను, తెలుగు పండితుడను. అయినను లెక్క తప్పినచో కీడు మూడునని యెఱుగుటకు యంత్రశాస్త్రము చదువ నక్కఱలేదు.

మాది చోడవరము. అచ్చటనుండి మాడుగుల మీదుగా పాడేరునకు పోవు దారి తూర్పుకనుమలలో మలుపులు తిరుగుచు ఎక్కును. నా పూర్వశిష్యు డొకడు ఆ ప్రాంతమున జీపు నడుపుకొని జీవించుచున్నాడు. సంతనాడు గిరిజనులు తెచ్చు పసుపు మూటలను, చింతపండు బుట్టలను, వానితోపాటు మనుష్యులను ఎక్కించుకొని దిగును. బస్సు పోలేని యూళ్లకు అతని జీపే బస్సు. అది రానినాడు రోగిని డోలీ కట్టి మోసికొని పోవలసినదే. అతడు పోవు దారులలో ఒకచోట గెడ్డ యడ్డము వచ్చును. వానకాలమున ఆ గెడ్డ యొడ్డున జీపు బురదలో దిగబడుటయు, జనులెల్ల దిగి త్రోయుటయు పరిపాటి.

రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలము అతడు మా యింటికి వచ్చి, “మాస్టారూ, పెద్ద టైర్లు వేయిస్తే గెడ్డలో దిగబడదంటున్నారండి. కొంచెం సొమ్ము తక్కువైంది” అనెను. నేను “ఎంత?” అని యడిగితిని గాని “ఏల?” అని యడుగలేదు. సంధి తప్పినచోట నెల్ల ఎఱ్ఱసిరాతో గీత గీచిన యీ చేయియే, నలువదివేల రూపాయలను మాఱుమాట లేక లెక్కించి యిచ్చినది.

పదిదినములకు జీపు క్రొత్తచక్రములతో మా వాకిట నిలిచెను. చూచుటకు సింహమువలె నుండెను. వీథిలోని బాలురందఱు మూగిరి. నాకును గర్వమే కలిగినదని ఒప్పుకొనుచున్నాను.

టైరు ప్రక్కగోడ మీద అచ్చొత్తిన అంకెలే దాని జాతకము. పాత టైర్లమీద 6.00-16 అని యుండెను. వెడల్పు సుమారు ఆఱంగుళములు, అది కూర్చుండు ఇనుపరిమ్ము అడ్డుకొలత పదునాఱంగుళములు అని దాని యర్థము. క్రొత్తవానిపై 31×10.50 ఆర్15 అని యుండెను. మొత్తపు ఎత్తు ముప్పదియొక్క అంగుళములు, వెడల్పు పదిన్నర, రిమ్ము పదునైదు. ఆర్ అను నక్షరము లోపలి నారల కూర్పు రేడియల్ పద్ధతి యని తెలుపును. నేటి వాహనములమీద 245/75 ఆర్16 వంటి వ్రాత కనబడును. అందు 245 మిల్లీమీటర్లు వెడల్పు. ఆ వెడల్పులో నూటికి 75 వంతు, అనగా సుమారు 184 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు. క్రిందను మీదను గోడ యుండును గనుక దానిని రెట్టించి, పదునాఱంగుళముల రిమ్మునకు 406 మిల్లీమీటర్లు కలిపినచో, మొత్తము 774 మిల్లీమీటర్లగును. ఈ కూడిక ఐదవ తరగతి బాలుడు చేయగలడు. ఆనాడు మేమిద్దఱము చేయలేదు.

తరువాత నేను దారముతో కొలిచి చూచితిని. పాత చక్రము ఎత్తు ఇరువదియెనిమిదిన్నర అంగుళములకు ఇంచుక తక్కువ, క్రొత్తది ముప్పదియొకటి. భేదము రెండంగుళములన్నరకు కొంచెము మించినది. కాని ఇరుసు చక్రము నడుమ నుండును గదా! కావున జీపు నేలనుండి లేచినది అందులో సగమే, అంగుళమున్నర యైనను లేదు. ఇంత సొమ్మునకు గెడ్డలోని రాయి తగులకుండ మాకు లభించిన యెడము అంతియే.

ఇక పోయినదేమో వినుడు. పాత చక్రము పండ్రెండు మార్లు తిరిగి పోవు దూరమును క్రొత్త చక్రము పదునొకండు మార్లు తిరిగి పోవును. ఈ యొక్క లెక్కనుండి తక్కిన చిక్కులన్నియు పుట్టును. స్పీడోమీటరు చక్రము చుట్లను లెక్కించునదే గాని దారిని చూచునది గాదు. అది 55 అని చూపునప్పుడు జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఇంజను ఇచ్చు త్రిప్పుడుబలము మాఱలేదు, చక్రము మాత్రము పెరిగినది. కావున నేలను త్రోయు బలములో పండ్రెండవ వంతు తఱిగినది. ఎక్కుడులో రెండవ గేరున పోవు జీపు మొదటి గేరునకు దిగవలసి వచ్చెను. బ్రేకు విషయమును అట్టిదే. అదే కాలితో అంతే గట్టిగా త్రొక్కినను, నేలను పట్టి యాపు బలము పండ్రెండవ వంతు తక్కువ. పైగా చక్రము ఒక్కొక్కటి ఏడెనిమిది కిలోగ్రాములు బరువెక్కెను. తిరుగుచున్న బరువును ఆపుట నిలిచియున్న బరువును మోయుటవంటిది కాదు. కుమ్మరిసారెను చేతితో ఆపి చూచినవానికి ఈ సంగతి తెలియును.

ఆ వానకాలమున నేనొక పనిమీద పాడేరునకు పోయి, తిరుగుదారిలో అతని జీపెక్కితిని. మొత్తము పదునొకండుగురము. మూటలు వేఱు. సన్నని వాన పడుచుండెను. ప్రతి మలుపునను ముందుప్రక్క బఱబఱమని రాపిడి వినబడెను. అదేమని యడిగితిని. “టైరు కొంచెం తగుల్తోందండి. అరిగి అదే సర్దుకుంటుందన్నారు” అనెను. నేను ఊరకుంటిని. సర్దుకొనునది ఏది, అరుగునది ఏది యని యడుగవలసినవాడను.

ఘాటు సగము దిగిన పిదప ఒక మలుపు ముందట అతడు బ్రేకు త్రొక్కగా, త్రొక్కుడుపలక నేల కంటుకొని పోయెను. రెండు మూడు మార్లు త్రొక్కినను పట్టులేదు. అతడు కేకవేయలేదు, ఎడమచేతితో గేరును ఒక్కొక్క మెట్టు క్రిందికి దించెను. ఇంజను మూలిగినది, జీపు కొంత తగ్గినది. లోయవైపు పోనీయక కొండవైపు కాలువలోనికి త్రిప్పి, మట్టిగట్టునకు ఆనించి నిలిపెను. రెండు పసుపు మూటలు పగిలి వాననీటిలో కలిసినవి. మనుష్యులలో ఒక్కరికిని గాయము కాలేదు. అతని ప్రజ్ఞ కొంత, మా యందఱి యదృష్టము కొంత.

దిగి చూడగా సంగతి తెలిసినది. ముందు చక్రమునకు బ్రేకునూనె కొనిపోవు రబ్బరుగొట్టము ఒకటి యుండును. చక్రమును పూర్తిగా త్రిప్పినప్పుడు ఆ వెడల్పైన టైరు దానిని రాచుచుండెను. దినదినము రాపిడి తగిలి, ఆనాటికి అది తెగినది. బఱబఱమని నేను విన్న ధ్వని ఆ గొట్టము మొఱయే.

మాతో వచ్చిన ముసలమ్మ ఒకతె గట్టుమీద కూర్చుండి, తడిసిన మూటను పిండుకొనుచు, “పాత సెక్రాలతో మెల్లగా ఎల్లీవోడివి బాబూ, అదే బాగున్నాది” అనెను. కోపము లేదు, నింద లేదు. నా శిష్యుడు తలవంచుకొనెను. అతనికంటె నేనే ఎక్కువ వంచుకొనవలసియుండెను. సొమ్ము నాది.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. నా చిన్ననాటి బండ్లు జ్ఞప్తికి వచ్చినవి. కుండ, ఆకులు, ఇనుపకట్టు గల పెద్ద కొయ్యచక్రములు మా తండ్రిగారి బండివి. చక్రము పెద్దదైనకొలది గతుకును సులభముగా దాటునను మాట సత్యమే, ఆ బండి చేసిన వడ్రంగికి అది తెలియును. కాని తరువాత మా యూరికి టైరుబండ్లు వచ్చినవి. వాని చక్రములు కొయ్యచక్రములలో సగమెత్తైనను లేవు. అయినను అవే యెడ్లు ఎక్కువ బరువును సులువుగా లాగినవి. ఇరుసునందలి బేరింగులు కొంత కారణము. చక్రములోని గాలి మఱి కొంత కారణము.

రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టు ఉపాయమునకు స్కాట్లండువాడైన రాబర్టు విలియం థాంసను 1845లో హక్కుపత్రము పొందెను. అది ప్రచారములోనికి రాక మఱుగునబడెను. బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొఱకు 1887లో మఱల దానిని కనుగొనెను. అప్పటినుండి లోకము గాలిమీద నడుచుచున్నది. మనము రబ్బరును చూచి మురియుదుము గాని బరువు మోయునది లోపలి గాలి.

ఆ గాలియే గెడ్డను దాటించునది. ఒక చక్రముపై 900 పౌనుల బరువున్నదనుకొందము, అనగా సుమారు 400 కిలోగ్రాములు. టైరులో చదరపుటంగుళమునకు 30 పౌనుల గాలియున్నచో, ఆ బరువు మోయుటకు సుమారు ముప్పది చదరపుటంగుళముల పాదము నేలను తాకవలయును. గాలిని 15 పౌనులకు తగ్గించినచో టైరు అణగి, పాదము అఱువది చదరపుటంగుళములగును. ప్రక్కగోడల బిగువువలన ఈ లెక్క కొంచెము అటునిటు కావచ్చును, సూత్రము మాత్రమిదియే. పాదము రెట్టింపైనచో నేలపై ఒత్తిడి సగమగును. ఒంటె ఇసుకలో దిగకుండుట, మేక బురదలో దిగుట ఇందువలననే. దీనినిబట్టి మఱియొక సంగతి తేలును. వెడల్పు టైరు వేసి అందు మునుపటియంతే గాలి నింపినచో, పాదము ఆకారము మాఱును గాని వైశాల్యము అంతగా మాఱదు. మేము నలువదివేలతో కొనదలచినది, గాలి ముల్లును వ్రేలితో నొక్కినచో ఊరకే వచ్చునది.

ఇప్పుడు మా వాడు చేయుచున్న దిదియే. పాత రిమ్ములు మఱల బిగించి, పాత కొలతకే లోతైన గాళ్లు గల టైర్లు వేయించుకొనెను. గెడ్డ యొడ్డున జీపు నాపి, నాలుగు చక్రములకును గాలి సగమునకు తగ్గించి, మెల్లగా దాటును. దాటిన పిదప, తారుదారి చేరకముందే, బ్యాటరీతో నడుచు చిన్న పంపుతో మఱల నింపుకొనును. ఇందు జాగ్రత్తలు రెండు. తగ్గిన గాలితో వేగముగా పోరాదు. పోయినచో ప్రక్కగోడలు మాటిమాటికి మడతపడి వేడెక్కి చినుగును. ట్యూబు గల టైరునందు గాలిని మఱీ తగ్గింపరాదు. టైరు రిమ్ముమీద జాఱి, ట్యూబు ముల్లు తెగిపోవును. ఈ యుపాయముతో గెడ్డలో ఎన్నడును దిగబడలేదని చెప్పను. ఆ వర్షర్తువున రెండుమార్లు దిగబడెను. పూర్వము సంతసంతకు దిగబడెడిది.

పెద్ద చక్రములు ఎక్కడను కూడవని నా యభిప్రాయము గాదు. ఐస్లాండు దేశమున మంచుగడ్డలు కప్పిన పీఠభూములపై 38 అంగుళముల, 44 అంగుళముల టైర్లు గల వాహనములు నడుచుచున్నవి. అచ్చటివారు గాలిని చదరపుటంగుళమునకు రెండు మూడు పౌనులవఱకు తగ్గించి మెత్తని మంచుపై తేలిపోవుదురు. అంత తక్కువ గాలితో బరువు మోయుటకు గాలిగది విశాలముగా నుండవలయును గనుక అంత పెద్ద టైరు అచ్చట న్యాయమే. కాని వారు టైరుతోనే యాగరు. చక్రపుగూళ్లను కోసి విశాలము చేయుదురు. కమానులను, ఇరుసు నడిమి పండ్లచక్రములను, స్పీడోమీటరు లెక్కను మార్చుదురు. అనగా వారు చక్రమునకు తగిన వాహనమును నిర్మింతురు. మేము వాహనమునకు తగని చక్రమును తగిలించితిమి.

ఇంకొక నిదర్శనము. 1941లో అమెరికాలో సైన్యముకొఱకు చేసిన విల్లీసు జీపున ఇరుసు నడిమి పండ్లచక్రముల నిష్పత్తి 4.88. యుద్ధము ముగిసిన 1945లో అదే కంపెనీవారు రైతులకొఱకు పొలము దున్నదగిన జీపును చేసిరి. దానికి లాగుడుబలము అధికముగా కావలసివచ్చెను. వారు దానికి బండి చక్రములవంటి పెద్ద చక్రములు తొడుగలేదు. పండ్లచక్రముల నిష్పత్తిని 5.38కి పెంచిరి. త్రోయుబలము పదవవంతు హెచ్చినది. ఆ జీపును చేసినవారు బలమును వెదకినచోటు అది. మేము పెద్ద చక్రమును తొడిగి, తెలియకయే, వారు చేసినదానికి సరిగా విరుద్ధముగా చేసితిమి.

అయినను పెంచక తప్పదనువారు కొన్ని సంగతులు చూచుకొనవలయును. మొదట, గాలి తగ్గించి ప్రయత్నించి చూడుడు. చాలకున్నచో, కర్మాగారమువారు ఆ వాహనమునకే సమ్మతించిన మఱియొక కొలత యున్నదేమో విచారింపుడు. క్రొత్త చక్రము తొడిగిన పిమ్మట, ఒక ప్రక్క చక్రమును దిమ్మమీది కెక్కించి, కమాను పూర్తిగా అణగినప్పుడు, చక్రమును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి చూడుడు. టైరు ఇనుమునుగాని గొట్టమునుగాని తీగనుగాని తాకరాదు. జీపును ఎత్తు చేయించినచో, బ్రేకుగొట్టములు సాగి బిగిసియున్నవేమో చూడుడు. ఎత్తు పెరిగిన వాహనము మలుపులో ఒఱుగుట సులభమని మఱువకుడు. వెడల్పు టైరు వానదారిపై నిలిచిన నీటిమీద తేలి పట్టు తప్పునని యెఱుగుడు. బరువు నింపి, జనులు లేని చదునైన దారిపై బ్రేకు పరీక్షించిన పిమ్మటనే కొండ యెక్కుడు. రాపిడి వినబడినచో, అది సర్దుకొనునని యెవరు చెప్పినను నమ్మకుడు. ఈ పరీక్షలకు పట్టునది ఒక పూట.

చట్టమును మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, కర్మాగారమువారు నిర్ణయించిన వివరములకు భేదించునట్లు వాహనమును మార్చుట కూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఈ నియమమును గట్టిగా నిలిపినది. ప్రమాదము జరిగినప్పుడు భీమా కంపెనీవారు మొదట చూచునదియు ఇట్టి మార్పులనే. మనుష్యులను ఎక్కించుకొను బండికి ఇది మఱింత ముఖ్యము.

మా యలంకారశాస్త్రమున ఔచిత్య మను మాట కలదు. ఏ సొగసైనను తనకు తగినచోట నుండినప్పుడే సొగసగును. పద్యమున ఒక్క గణము పెంచినచో యతి చెడును, ప్రాస చెడును, తుదకు పద్యమే చెడును. బాలురకు ఈ సంగతి యెన్నిమార్లు చెప్పితినో లెక్కలేదు. జీపును అట్టి పద్యమే యని నాకు తోచలేదు. ఇంజను, గేరు, ఇరుసు, బ్రేకు, చక్రము ఒకదాని కొకటి లెక్క కుదిర్చి కూర్చినవి. ఒకదానిని పెంచదలచినవాడు తక్కినవాని నన్నిటిని అడుగవలయును.

నా శిష్యుడు పెద్ద టైర్లను అమ్మివేసి వచ్చినంత సొమ్మును నాకు తెచ్చి యిచ్చెను. మిగిలినదానిని నెలనెల తీర్చుచున్నాడు. వలదన్నను వినడు. ఆ సొమ్ము ఆలస్యముగా నేర్చిన పాఠమునకు నేనే కట్టవలసిన జీతమని నా నమ్మకము. మొన్న మఱియొక పూర్వశిష్యుడు వచ్చి, తన బండికి ఏదో తగిలించుటకు కొంత సొమ్ము కావలెననెను. ఈ మాఱు నేను “ఎంత?” అని యడుగలేదు. కూర్చుండబెట్టి, “ఏల?” అని యడిగితిని.